ఇఫ్ వాక్యాల కార్డు పెట్టె: ప్రాజెక్టు డైరీ

ఇంగ్లీషు కండిషనల్ వాక్యాలు మాట్లాడేటప్పుడు తడబాటు లేకుండా రావాలని నలుగురం కలిసి ఒక కార్డుల సెట్టు తయారుచేస్తున్నాం. రూల్స్ నలుగురికీ వచ్చు. కాగితం మీద ఖాళీలు పూరించమంటే పూరిస్తాం. నోరు తెరిస్తేనే గొడవ. ఇలాంటి సెట్టు చేసుకోవాలనుకునేవాళ్ళు మేం ఉంచిన కార్డుల కంటే ముందు పారేసిన కార్డుల సంగతి చదివితే సగం పని తగ్గుతుంది.

సామాను: 3 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు ఉన్న గీతల్లేని కార్డులు, ఐదు అరలు చేసిన అట్టపెట్టె, రెండు రంగుల పెన్నులు, పెన్సిలు, ఫోన్లో రికార్డర్, తప్పులు రాసుకోవడానికి ఒక స్ప్రెడ్‌షీట్. అరల పద్ధతి 1972లో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చినదే: సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి అరలోకి వెళ్తుంది, తప్పు చెప్పింది ఎక్కడున్నా మొదటి అరకి తిరిగొస్తుంది. వెనక అరలు అరుదుగా తీస్తాం.

దశ 1: నంబర్ల సెట్టు

గ్రామర్ పుస్తకాలు ఇఫ్ వాక్యాలకి పెట్టే నాలుగు టైపులు: జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్. ఒక్కోదానికి 20 కార్డులు. ముందువైపు ఖాళీలున్న వాక్యం, పైన మూలలో టైపు నంబరు. వెనకవైపు జవాబు.

ఈ సెట్టుతో మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. అనుమానం వచ్చి, అదే టైములో ఒక్కొక్కళ్ళం ఏదో ఒక విషయం మీద రెండేసి నిమిషాలు మాట్లాడి రికార్డు చేశాం. అందులో ఇఫ్ ఉన్న ప్రతి వాక్యాన్నీ షీట్‌లోకి ఎక్కించాం. నాలుగు కాలమ్‌లు: అన్నది, అనాల్సింది, తప్పు ఇఫ్ సగంలోనా మెయిన్ సగంలోనా, తప్పు కోడ్. మొత్తం 41 వాక్యాలు. 23 తప్పు. అందులో 17 ఇఫ్ సగంలోనే.

ఎక్కువగా కనబడ్డవి ఇవి:

1. "ఇఫ్ ఐ విల్ గెట్ టైమ్, ఐ విల్ రీడ్ ఇట్." కోడ్ వి, అంటే ఇఫ్ సగంలో విల్.
2. "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్, ఐ వుడ్ హావ్ టోల్డ్ యు." కోడ్ వు, అంటే ఇఫ్ సగంలో వుడ్.
3. "ఇఫ్ హి కేమ్ యెస్టర్‌డే, ఐ వుడ్ హావ్ మెట్ హిమ్." కోడ్ కా, అంటే కాలం తప్పు.

మెయిన్ సగం దాదాపు బాగానే ఉంది చూడండి. దీనికి కారణం మన వాక్యం నడకలోనే ఉందని షీటు ముందు పెట్టుకుని కూర్చుంటే అర్థమైంది. "వస్తే చెప్తాను", "వస్తే చెప్పేవాణ్ణి" - రెండింట్లోనూ "వస్తే" అదే. అది జరిగేదా, జరగనిదా అన్నది చివరి క్రియే చెప్తుంది. ఇంగ్లీషులో రెండు సగాలూ రంగు మార్చాలి. మనం మెయిన్ సగానికి రంగు వేసి, ఇఫ్ సగాన్ని అలాగే వదిలేస్తున్నాం. లేదంటే అదే రంగు రెండువైపులా పూసేస్తున్నాం, అదే వుడ్ హావ్ తప్పు.

ఇక మూలలో ఉన్న నంబరు. అది జవాబును ముందే చెప్పేస్తోంది. మాట్లాడేటప్పుడు పక్కన ఎవరూ నిలబడి "ఇది టైప్ 3" అనరు కదా. రూపం తయారుచేయడం ఎవరికీ కష్టం కావట్లేదు, ఏ రూపం కావాలో ఎంచుకోవడమే కష్టం. ఆ పని నంబరు చేసిపెడుతోంది.

కార్డులు: 80. నంబర్లన్నీ కొట్టేశాం.

దశ 2: తెలుగు వాక్యం నుంచి, అక్కడి నుంచి సంగతికి

నంబరు తీసేసి ముందువైపు తెలుగు వాక్యం రాశాం. ఇది ఒక్క సిట్టింగుకి కూడా నిలవలేదు. "తెలిస్తే చెప్పేవాణ్ణి" అన్న కార్డుకి ఒకరు "ఇఫ్ ఐ న్యూ, ఐ వుడ్ టెల్ యు" అన్నారు, ఇంకొకరు "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హావ్ టోల్డ్ యు" అన్నారు. రెండూ కరెక్టే. తెలుగులో ఆ వాక్యం ఇప్పటి సంగతికీ సరిపోతుంది, నిన్నటి సంగతికీ సరిపోతుంది. "తెలిసి ఉంటే" అని రాస్తే నిన్నటిదని తేలుతుంది, కానీ అప్పుడు "ఉంటే" చూసి హ్యాడ్ పెట్టేయడం అలవాటైపోతుంది. అది మళ్ళీ నంబరు లాంటిదే.

అందుకని ముందువైపు "తే" అన్నదే లేకుండా చేశాం. జరిగిన సంగతి రెండు చిన్న వాక్యాల్లో. అంతే.

ముందువైపు: మొన్న మీటింగ్ వాయిదా పడింది. ఆ సంగతి తెలియక వెళ్ళాను.
వెనకవైపు: "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్‌న్ట్ హావ్ గాన్."

కార్డు చూసినవాళ్ళు నోరు తెరిచే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి:

1. ఇది ఎప్పటి సంగతి? ఇప్పటిదా, ఇకముందు జరగాల్సిందా, అయిపోయిందా?
2. చెప్పేవాళ్ళ దృష్టిలో ఇది కుదిరేదా, కుదరనిదా?

కుదిరేదైతే ఇఫ్ వైపు మామూలు ప్రెజెంట్, మెయిన్ వైపు విల్, కెన్, మే. కుదరనిదైతే క్రియని ఒక మెట్టు వెనక్కి జరపాలి: ఇప్పటి సంగతికి పాస్ట్ రూపం, అయిపోయిన సంగతికి హ్యాడ్ ప్లస్ వీ3 (క్రియ మూడో రూపం). మెయిన్ వైపు విల్ కాస్తా వుడ్ అవుతుంది, అయిపోయిన సంగతికి వుడ్ హావ్ ప్లస్ వీ3. నాలుగు టైపుల బదులు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక మెట్టు.

మార్చడం మొదలుపెట్టాక పాత జీరో కార్డుల్లో 16 తీసి పక్కన పడేశాం. వేడి చేస్తే మంచు కరుగుతుంది లాంటి వాక్యాలు ఎవరూ తప్పు చెప్పట్లేదు, వాటి మీద టైమెందుకు? ఇంకో 12 ఒకదానికొకటి నకళ్ళు.

కార్డులు: 80 లోంచి 28 పోగా 52.

కొత్త పద్ధతి కొత్త తప్పు తెచ్చింది. "నా దగ్గర తాళంచెవి లేదు. తలుపు తీయలేను." అన్న కార్డుకి "ఇఫ్ ఐ డిడ్‌న్ట్ హావ్ ద కీ..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోవడం. సంగతిలో "లేదు" ఉంటే ఇఫ్ వాక్యంలో అది "ఉంటే" కావాలి, సంగతిలో "వెళ్ళాను" ఉంటే "వెళ్ళేవాణ్ణి కాదు" కావాలి. షీట్‌లో దీనికి తి అని కొత్త కోడ్, అంటే తిప్పడం మరిచారు. మార్పు చిన్నదే: కార్డు మీద సంగతి పక్కన ప్లస్ గానీ మైనస్ గానీ పెన్సిలుతో రాశాం. నోటితో ముందు గుర్తు తిప్పి, తర్వాత వాక్యం చెప్పాలి. కార్డు మూడో అరకి చేరాక ఆ గుర్తు చెరిపేస్తాం. పెన్నుతో రాసిన వాళ్ళకి కార్డు మళ్ళీ రాసుకునే పని పడింది.

వజ్, వర్ దగ్గర వాదన లేచింది. "ఇఫ్ ఐ వర్ యు" అలాగే నేర్చుకోవడం మేలు. మిగతా చోట్ల, "ఇఫ్ హి వజ్ హియర్" అని మాటల్లో చాలామంది అంటారు, రాతలో, ఇంటర్వ్యూల్లో "వర్" నిలబడుతుంది. వెనకవైపు రెండూ రాసి, "వర్" కింద గీత గీశాం. వాదన ఆగింది.

రెండో ప్రశ్నలో "చెప్పేవాళ్ళ దృష్టిలో" అన్న ముక్క ఎందుకు పెట్టాల్సొచ్చిందంటే, ఒకే సంగతికి ఇద్దరు రెండు రకాలుగా చెప్పొచ్చు. ఉద్యోగానికి అప్లై చేసిన ఇద్దరిలో ఆశ ఉన్నవాళ్ళు "ఇఫ్ ఐ గెట్ ద జాబ్, ఐ విల్ మూవ్" అంటారు. ఆశ అంతగా లేనివాళ్ళు "ఇఫ్ ఐ గాట్ ద జాబ్, ఐ వుడ్ మూవ్" అంటారు. గ్రామర్ రెండూ ఒప్పుకుంటుంది. కానీ ఇంటర్వ్యూలో కూర్చుని రెండోది అంటే, ఉద్యోగం మీద మీకే నమ్మకం లేనట్టు వినబడొచ్చు. ఇలాంటి జంట కార్డులు ఆరు ఉన్నాయి. ఆశ ఉన్న కార్డుకి ఆకుపచ్చ పెన్ను, లేనిదానికి నీలం.

దశ 3: "ఇఫ్ తర్వాత విల్ రాదు" కార్డు చించేశాం

వి తప్పు తగ్గించడానికి పెట్టె మూత మీద ఈ రూల్ అంటించాం. వి తప్పు తగ్గింది నిజమే. దానితోపాటు "ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్" లాంటి మంచి వాక్యాన్ని కూడా "ఇఫ్ హి కమ్స్" అని మార్చేయడం మొదలైంది. ఆ ఇఫ్ కండిషన్ కాదు. వస్తాడో రాడో తెలియదు అని అర్థం. అక్కడ విల్ హాయిగా వస్తుంది.

దీనికి పరీక్ష తేలిక. ఇఫ్ స్థానంలో "వెదర్" (whether) పెట్టి చూడండి. అర్థం చెడకపోతే అది కండిషనల్ కాదు. ఇంకా తేలిక పరీక్ష మనకే ఉంది: మనసులో తెలుగు వాక్యం "తే" తో వస్తోందా, "ఓ లేదో" తో వస్తోందా? ఇక్కడ తెలుగు రెండింటినీ కలిపేయదు, అందుకే మొదటి దశలో మనల్ని ఇబ్బంది పెట్టిన తెలుగే ఇక్కడ కాపాడుతుంది.

ఇంకో మినహాయింపు: విల్ అంటే "ఇష్టపడి చేయడం" అన్న అర్థంలో ఇఫ్ తర్వాత కూడా వస్తుంది. "ఇఫ్ యు విల్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ హిమ్" మర్యాదగా అడగడం. "ఇఫ్ హి వోంట్ లిజన్, వాట్ కెన్ ఐ డూ?" అంటే వినడానికి మొండికేస్తే అని. ఇవి గుర్తుపట్టడానికి మాత్రమే పెట్టాం, చెప్పడానికి కాదు. మూత మీది రూల్ చించేసి పరీక్ష రాసి అంటించాం.

ఈ దశలో చేర్చిన కొత్త కార్డులు 24. వాటిల్లో తెలియాల్సినవి:

1. అన్‌లెస్. "రాకపోతే" లో కాదనడం ఉంది కాబట్టి "అన్‌లెస్ యు డోంట్ కమ్" అనేస్తున్నాం. అన్‌లెస్ లోనే నాట్ ఉంది, రెండోసారి వద్దు. ఇంకో చిక్కు: "షి విల్ బి అప్‌సెట్ ఇఫ్ ఐ డోంట్ కాల్." ఇక్కడ అన్‌లెస్ పెట్టలేం, ఎందుకంటే ఫోన్ చేయకపోవడమే బాధకు కారణం. కుదరని సంగతులకీ మామూలుగా అన్‌లెస్ పెట్టరు.
2. ఇన్ కేస్. "టేక్ ఎన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్" అంటే వాన వచ్చినా రాకపోయినా గొడుగు ఇప్పుడే తీసుకోవడం. "ఓపెన్ ద అంబ్రెల్లా ఇఫ్ ఇట్ రెయిన్స్" అంటే వచ్చాకే తెరవడం. ఇఫ్ బదులు ఇన్ కేస్ వాడటం అమెరికన్ ఇంగ్లీషులో కొంత వినబడుతుంది, బ్రిటిష్ వాడుకలో ఈ తేడా పాటిస్తారు. మేం తేడా పాటించే పద్ధతికే కట్టుబడ్డాం.
3. వెన్. "చేరితే ఫోన్ చెయ్యి" అంటాం, చేరడం ఖాయమే అయినా. ఇంగ్లీషులో ఖాయమైనదానికి వెన్. ఇఫ్ అంటే అసలు చేరతావో లేదో అన్న అనుమానం వినబడుతుంది.

కార్డులు: 52 కి 24 కలిపి 76.

దశ 4: చెవి

చెప్పడం మెరుగైంది గానీ వినేటప్పుడు కార్డులు పనికిరావట్లేదు. మాటల్లో హ్యాడ్ కూడా "డ్" అవుతుంది, వుడ్ కూడా "డ్" అవుతుంది. "ఐడ్" అంటే ఏది?

మొదట కార్డుల వెనకవైపు వాక్యాలన్నీ ఫోన్లో టెక్స్ట్ చదివే యాప్‌కి ఇచ్చాం. అది "వుడ్ హావ్" ని ముక్కముక్కగా, నోరంతా తెరిచి పలికింది. అలా ఎవరూ మాట్లాడరు. యాప్‌ది తప్పు కాదు, మేం ఇచ్చిన టెక్స్ట్‌లోనే పూర్తి రూపాలు రాశాం. కుదించిన రూపాలతో టెక్స్ట్ మళ్ళీ టైప్ చేసి ఇచ్చాక "ఐడవ్ టోల్డ్ యు" అని దగ్గరగా పలికింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళే కొందరు వుడ్ హావ్ ని "వుడ్ ఆఫ్" అని తప్పుగా రాస్తారు, ఎందుకంటే చెవికి అలాగే వినబడుతుంది. మన చెవికి అందకపోవడంలో వింతేం లేదు.

వినే కార్డుకి పద్ధతి:

1. వాక్యం ఒక్కసారే వినాలి, వెనక్కి తిప్పకూడదు.
2. "డ్" తర్వాతి క్రియ పట్టుకోవాలి. వీ3 అయితే హ్యాడ్. మొదటి రూపమైతే వుడ్.
3. "హ్యాడ్" లేదా "వుడ్" అని పూర్తిగా విడదీసి వాక్యం తిరిగి చెప్పాలి.
4. నాలుగు సెకన్లలోపు మొదలుపెట్టకపోతే కార్డు మొదటి అరకి.

రెండో మెట్టు కమ్, రన్, పుట్, కట్ దగ్గర చతికిలపడింది. వీటికి మొదటి రూపం, మూడో రూపం ఒకటే. "ఇఫ్ షీడ్ కమ్" లో కమ్ ఏదో క్రియని బట్టి తేలదు. అక్కడ చోటు చూసుకోవాలి: ఇఫ్ సగంలో ఉన్న "డ్" దాదాపుగా హ్యాడ్, మెయిన్ సగంలోది వుడ్. ఈ నాలుగు క్రియలతో విడిగా కార్డులు చేశాం. "ఇఫ్ ఐడ్ హ్యాడ్ టైమ్" కూడా ఈ గుంపులోకే. హ్యాడ్ పక్కన హ్యాడ్ వస్తే ఒకటి ఎక్కువైందేమో అనుకుని తీసేస్తున్నాం, తీయకూడదు.

నాలుగు సెకన్ల గీత ఎందుకంటే, రికార్డింగుల్లో అంతకంటే ఎక్కువ ఆగినచోట వాక్యం తర్జుమా అవుతోంది. వింటే తెలిసిపోతుంది, ఒక్కో మాట ఏరుకుంటున్నట్టు ఉంటుంది.

కార్డులు: 76 కి వినేవి 18 కలిపి 94.

దశ 5: నంబర్లకి లొంగని వాక్యాలు

రెండు ప్రశ్నల పద్ధతి నిలుస్తుందో లేదో ఇక్కడే తేలాలి అనుకున్నాం. ముందు మిక్స్‌డ్ కండిషనల్స్. "నిన్న ఫైల్ సేవ్ చేయలేదు. ఇప్పుడు మళ్ళీ టైప్ చేస్తున్నాను." కార్డుకి జవాబు: "ఇఫ్ ఐ హ్యాడ్ సేవ్డ్ ద ఫైల్, ఐ వుడ్‌న్ట్ బి టైపింగ్ ఇట్ అగైన్ నౌ." నంబర్ల లెక్కలో ఇది సగం మూడు, సగం రెండు. మా లెక్కలో ప్రత్యేకత ఏమీ లేదు: "ఎప్పటి సంగతి" అన్న ప్రశ్న ఒక్కో సగానికీ విడిగా అడగాలి, అంతే. 12 కార్డులు చేర్చాం, పెద్ద బాధ లేకుండా వెనక అరలకి వెళ్ళాయి.

మమ్మల్ని ఆపేసింది వేరే కార్డు.

"ఇఫ్ షి లెఫ్ట్ ఎట్ సిక్స్, షి మస్ట్ బి దేర్ బై నౌ."

ఇఫ్ తర్వాత పాస్ట్ రూపం ఉంది. నలుగురిలో ముగ్గురు "కుదరని సంగతి, అంటే ఆమె ఆరింటికి బయల్దేరలేదు" అన్నారు. కాదు. ఆమె బయల్దేరిందో లేదో మాట్లాడేవాళ్ళకి తెలియదు. బయల్దేరి ఉండొచ్చు కూడా. ఈ పాస్ట్ మెట్టు దిగడం వల్ల వచ్చింది కాదు, నిజంగా అయిపోయిన కాలం. దీన్నే తెలుగులో చెప్పి చూడండి: "ఆరింటికి బయల్దేరి ఉంటే ఈపాటికి చేరి ఉంటుంది." అదే, బయల్దేరలేదని తెలిస్తే "చేరి ఉండేది" అంటాం. "ఉంటుంది", "ఉండేది" - ఈ రెండు మాటల తేడాయే ఇంగ్లీషులో "లెఫ్ట్", "హ్యాడ్ లెఫ్ట్" మధ్య తేడాగా ఇఫ్ సగంలోకి వెళ్ళి కూర్చుంటుంది.

దీంతో రెండో ప్రశ్నకి మూడో జవాబు చేర్చాల్సొచ్చింది: కుదిరేదా, కుదరనిదా, తెలియదా? తెలియనిదైతే మెట్టు దిగొద్దు, ఏ కాలంలో జరిగి ఉండొచ్చో ఆ కాలంలోనే చెప్పాలి. నాలుగు టైపుల పట్టికలో ఈ వాక్యానికి చోటే లేదు. కానీ పోయిన వస్తువు వెతికేటప్పుడు, ఎవరు ఏం చేసి ఉంటారో ఊహించేటప్పుడు రోజూ ఇలాంటివే అంటాం. పెట్టెలో అందరికంటే ఆలస్యంగా చేరినా ఎక్కువ పనికొచ్చిన కార్డులు ఇవే, మొత్తం 8.

"ఇఫ్ యు ఆర్ థర్‌స్టీ, దేర్ ఈజ్ వాటర్ ఆన్ ద టేబుల్" లాంటివి రెండు రాసి తీసేశాం. దాహం వేసినా వేయకపోయినా నీళ్ళు బల్ల మీదే ఉంటాయి. అర్థం చేసుకోవడానికి సరదాగా ఉంటాయి గానీ వీటిలో ఎవరూ తప్పు చేయరు.

ఇఫ్ లేకుండా తిరగేసిన వాక్యాలు చదివి గుర్తుపట్టడానికి మాత్రం 6: "హ్యాడ్ ఐ నోన్", "షుడ్ యు నీడ్ ఎనీథింగ్", "వర్ హి టు రిజైన్". వీటిలో నాట్ ని కుదించకూడదు. "హ్యాడ్ ఐ నాట్ సీన్ ఇట్" సరే, "హ్యాడ్‌న్ట్ ఐ సీన్ ఇట్" కుదరదు. ఆఫీసు ఈమెయిళ్ళలో "షుడ్ యు నీడ్" కనబడితే అది సలహా కాదని తెలిస్తే చాలు.

కార్డులు: 94 కి 12, 8, 6 కలిపి 120.

దశ 6: కార్డు మొహం గుర్తుపట్టేస్తున్నాం

చివరి అరల్లో అన్నీ సరైనవే వస్తున్నాయి, ఇది మంచి సంకేతం కాదు. తాళంచెవి అని కనబడగానే చదవకుండానే జవాబు వచ్చేస్తోంది. ఒక కార్డు మూల మడత చూసే చెప్పేశారు.

మార్చినవి:

1. నాలుగో అరకి చేరిన కార్డు సంగతి చెరిపి, అదే అచ్చులో కొత్త సంగతి రాయాలి. అందుకే ముందువైపు అంతా పెన్సిలే.
2. రాసినవాళ్ళు ఆ కార్డు తీయకూడదు.
3. మడతలు, మరకలు ఉన్నవి తిరిగి రాయాలి.

పనిలోపనిగా ఎవరూ ఎప్పుడూ తప్పని 14 తీసేశాం. తర్వాత మళ్ళీ రెండేసి నిమిషాల రికార్డింగు. ఈసారి ఇఫ్ వాక్యాలు 38, తప్పులు 9. వి తప్పు ఒక్కటీ లేదు. కా తప్పులు నాలుగు, వు తప్పులు మూడు, తి తప్పులు రెండు. వు మొండిగా ఉంది. "ఇఫ్ ఐ వుడ్ హావ్" అని నేటివ్ స్పీకర్లు కొందరు, ముఖ్యంగా అమెరికాలో, మాటల్లో అంటారు కూడా, అది విని మళ్ళీ అంటుకుంటోంది. పరీక్షల్లో, రాతలో దాన్ని తప్పుగానే చూస్తారు, కాబట్టి షీట్‌లో తప్పు కిందే రాస్తున్నాం.

కార్డులు: 106.

ఇప్పుడు చేస్తున్నది

వు తప్పుకి విడిగా 10 కార్డులు కత్తిరించి పెట్టాం, అన్నీ అయిపోయిన సంగతులే. వీటిలో ఇఫ్ సగం మాత్రమే చెప్పాలి, మెయిన్ సగం కార్డు మీదే రాసి ఉంటుంది. నోటికి వుడ్ అందకముందే హ్యాడ్ రావాలన్నది ఆలోచన. ఇవి మూడో అర దాటితే "ఐ విష్" కార్డులు మొదలుపెడతాం. "ఐ విష్ ఐ న్యూ", "ఐ విష్ ఐ హ్యాడ్ నోన్" కూడా అదే మెట్టు దిగుతాయి కాబట్టి కొత్త ప్రశ్నలు అక్కర్లేదు.

మీరు మొదలుపెట్టేటట్టయితే దశ 1 వదిలేసి నేరుగా సంగతి కార్డులతో, ముందు 30 చాలు, మొదలుపెట్టండి. వాటిలో అయిపోయిన సంగతులు 15, ఇప్పటివి 10, తెలియనివి 5. విల్ కార్డులు తర్వాత చేర్చుకోవచ్చు.